చెరువు నిండితే బోరు నిండినట్టేనా? పల్లెల్లో రోజూ వినే అపోహలు

తెలంగాణ పల్లెల్లో చెరువుల పునరుద్ధరణ పనుల మీద రైతు సంఘాలతో కలిసి చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. 2015 మార్చిలో కామారెడ్డి దగ్గరి సదాశివనగర్‌లో చెరువులు బాగు చేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో లెక్క తేలిన చెరువులు, కుంటలు 46 వేల పైచిలుకు. ఏటా ఐదో వంతు బాగు చేయాలన్నది ప్రణాళిక. పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, ఆ మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఈ పద్ధతి నాకు అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది. రైతు సొంత డబ్బు పెట్టాడంటే ఆ చెరువు వైపు మళ్లీ చూస్తాడు. కానీ ఏ ఊరికి వెళ్లినా కొన్ని మాటలు అలాగే వినపడుతున్నాయి. వాటివల్ల చెరువుకు చేటే జరుగుతోంది.

అపోహ: ఎంత లోతు తవ్వితే అంత లాభం.

చెరువు బావి కాదు. తూము అడుగు మట్టానికి పైన ఉన్న నీళ్లే కాలువలోకి పారతాయి. అంతకన్నా కింద నిలిచిన నీళ్లు పశువులకు, చేపలకు పనికొస్తాయి, కొంత భూమిలోకి ఇంకుతాయి. ఆయకట్టులో మాత్రం ఒక్క మడి కూడా వాటితో తడవదు. పైగా ఏళ్ల తరబడి పేరుకున్న సన్నని బంకమట్టే చెరువు అడుగున నీటిని పట్టి ఉంచుతుంది. దాన్ని దాటి మొరం దాకా తవ్వేస్తే నీళ్లు నిలవవు. కట్ట మొదట్లో తవ్వితే కట్టకే ముప్పు. ఇటుక బట్టీలకో, ప్లాట్లు నింపడానికో ఒకేచోట నిలువునా తవ్విన గుంతల్లో ఈతకు దిగిన పిల్లలు మునిగిపోయిన ఊళ్లు ఉన్నాయి. పూడిక తీయడమంటే చాప చుట్టినట్టు పైపొరను సమంగా తీయడం.

అపోహ: చెరువు మట్టి తోలితే ఎరువే అక్కర్లేదు.

ఎర్ర చెల్క నేలకు ఈ మట్టి వరమే, కానీ అది ఎరువుకు పూర్తి బదులు కాదు. బంక కలిసి నేలలో తడి ఎక్కువ రోజులు ఆగుతుంది, వానల మధ్య ఎడం వచ్చినా పైరు తట్టుకుంటుంది. నల్లరేగడికి అంత లాభం ఉండదు, అక్కడ బంక ముందే ఎక్కువ. ట్రాక్టరు మాట్లాడుకోకముందే ఆ మట్టిని, మీ పొలం మట్టిని పరీక్షకు పంపండి. ఊరి మురుగు కలిసే చెరువైతే ఈ పని అస్సలు మానొద్దు.

అపోహ: చెరువు నిండింది, ఇక బోర్లకు ఢోకా లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. మన కాళ్ల కింద చాలాచోట్ల ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఉండేది దాని పైన మెత్తబడిన పొరలో, ఆ కింది పగుళ్లలో. చోటు తక్కువ కాబట్టి మట్టం చకచకా పైకొస్తుంది, అంతే తొందరగా పడిపోతుంది. పైకొచ్చిన మట్టాన్ని చూసి యాసంగిలో (రబీలో) ఊరంతా వరి నాటేస్తారు.

అలాంటి ఊళ్లో కూర్చుని నేనొక లెక్క వేయిస్తాను. ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో సుమారు పదో వంతు భూమిలోకి ఇంకుతుందనుకుందాం. ఎకరానికి అది 3 లక్షల లీటర్లు. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే ఎకరానికి 48 లక్షల లీటర్లు. అంటే ఒక ఎకరం వరి పదహారు ఎకరాల మీద ఇంకిన నీటిని తోడేస్తుంది. మడిలోంచి కొంత నీరు తిరిగి ఇంకుతుంది, నిజమే. దాన్ని తీసేసినా పది ఎకరాల నీళ్లయినా పోతాయి. అదే పల్లీ అయితే 20 లక్షల లీటర్లతో సరిపోతుంది. ఈ లెక్క చూశాక రచ్చబండ మీద కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మరి ముందుగా ఎవరు మానాలి?"

ఉమ్మడి రాష్ట్రంలో ఆ ప్రశ్నకు రైతులే జవాబు వెతికిన పథకం ఒకటి ఉంది. నెదర్లాండ్స్ సాయంతో మొదలై, ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ నడిపించిన ఆ కార్యక్రమం అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి ఏడు కరువు జిల్లాల్లో సాగింది. స్థానిక స్వచ్ఛంద సంస్థలు ఊళ్లలో పనిచేశాయి. వాన ఎంత పడిందో, బావుల్లో మట్టం ఎంత ఉందో రైతులే కొలిచి గోడ మీద రాశారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఇదే పంట వేయాలని ఎవరినీ బలవంతపెట్టలేదు. గోడ మీద అంకె కనపడుతుంటే పక్కవాడి ముందు దాన్ని కాదనడం కష్టం. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదనీ ఉంది. అది పాటించడం చాలాచోట్ల కాగితం మీదే ఆగిపోయింది. గోడ మీది అంకె మాత్రం పనిచేసింది.

అపోహ: సర్కారు చెరువు, సర్కారే చూసుకోవాలి.

వెనకట చెరువు బాగోగులు చూసేవారికి దశబంధం మాన్యాలు, అంటే ఆ పనికి బదులుగా ఇచ్చిన భూములు ఉండేవి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ముందు నీళ్లు పోవాలో నీరటి చూసుకునేవాడు, కల్లం దగ్గర గింజలు తీసుకునేవాడు. నీరటి పోయాక తూము తలుపు ఎవరి చేతికి అందితే వాళ్లది అయింది. 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలను తెచ్చినా, ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందని నా అభిప్రాయం. చివరి తడి కోసం రైతు తూము ఎత్తుతాడు, చేప పిల్లలు వదిలిన మత్స్యకారుడు దించమంటాడు. ఇద్దరిదీ న్యాయమే. ఏ మట్టం దాకా నీళ్లు వాడాలో ముందే మాట్లాడుకుని తూము గోడ మీద ఎర్ర గీత గీసుకున్న ఊళ్లో గొడవ తగ్గడం నేను చూశాను.

అపోహ: శిఖం ఎండింది, ఇక అది ఉత్త బీడు.

శిఖం అంటే చెరువులో నీళ్లు నిలిచే నేల. ఏటా నిండి ఏటా ఎండడం చెరువు తీరే. నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ ఆ అంచు బురదలోనే కొంగలు, ఉల్లంకి పిట్టలు మేస్తాయి. పట్టా ఉన్నంత మాత్రాన చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల మట్టి పోసి నింపే హక్కు రాదు.

చివరగా, ఎవరూ అడగనిది: చెరువులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి (అలుగు) దూకితేనే కిందిది నిండుతుంది. మధ్యలో కాలువను ఎవరో దున్నేసినా, సర్కారు తుమ్మ కమ్మేసినా, కింద ఎంత పూడిక తీసినా పెద్దగా ఫలితం ఉండదు. మే నెల పోకముందే పది మంది కలిసి మీ చెరువు నుంచి పై మత్తడి దాకా ఒకసారి నడిచి రండి. ఎక్కడెక్కడ నీళ్లకు అడ్డముందో రాసుకుని, ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టండి.