పాత కారు బానెట్ కింద వాన నీరు: అపోహలు - వాస్తవాలు

వాన కురిసిన మర్నాడు పొద్దున్నే నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. "సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు." వెళ్లి చూస్తే యజమాని అప్పటికే ఏదో ఒక వైద్యం చేసి ఉంటారు. బానెట్ అంచుకి సీలెంట్ పూసి ఉంటుంది, లేదా గాలి చీలికలకు టేపు వేసి ఉంటుంది, లేదా అడుగున కనిపించిన రంధ్రాలన్నీ మూసి ఉంటాయి. పాత కార్ల పనిలో నేను చూసిన నష్టాల్లో వాన చేసినదానికంటే, వానను ఆపాలనే కంగారులో మనుషులు చేసుకున్నదే ఎక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

బ్రిటన్ క్లబ్బుల లెక్కలో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా తయారైన కార్లే. నేను ఇక్కడ ఆ మాటను అందరూ వాడినట్టే పాత కార్లన్నిటికీ వాడుతున్నాను, ఎందుకంటే నీటి బాధ అన్నిటికీ ఉంది.

అపోహ: బానెట్ కిందికి చుక్క నీరు కూడా రాకూడదు, వస్తే బండిలో లోపం ఉన్నట్టే.

1930ల నాటి కారు బానెట్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో నిలువునా పొడవాటి కీలు, అటూ ఇటూ రెక్కల్లా తెరుచుకునే రేకులు, పక్కన వెనక్కి తిరిగి ఉండే చీలికలు. ఆ కీలు గుండా నీరు కారుతుంది. చీలికలు వెనక్కి తిరిగి ఉన్నాయి కాబట్టి బండి నడుస్తున్నప్పుడు వాన లోపలికి కొట్టదు గానీ, నిలబెట్టి ఉంచితే గాలివాటున జల్లు పడుతుంది. చేసినవాళ్లకి ఇదంతా తెలుసు. నీరు వస్తుంది, పోతుంది, ఇంజిన్ వేడికి మిగతాది ఆరిపోతుంది అనే లెక్కతోనే కట్టారు.

కచ్చితంగా పొడిగా ఉండాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకి వంతులవారీగా కరెంటు పంచేది), కాయిల్ (ఆ కరెంటు వోల్టేజీని పెంచేది) తల, ప్లగ్గులూ వాటి వైర్లూ, కార్బురేటర్ నోరు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూజ్ పెట్టె, బ్యాటరీ పైభాగం, బ్రేక్ ఆయిల్ డబ్బా. చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. డాట్ 3 బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. కొత్తది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలి. 3.7 శాతం నీరు కలిసిన దానికి ప్రమాణం 140 డిగ్రీలే. డబ్బా మూత మీద నీటిధార పడుతుంటే ఇంకేమీ చూడకుండా ముందు దాని సంగతి చూడండి. ఈ కొన్నిటి మీద నీరు పడకుండా చూసుకుని, మిగతా నీటికి బయటికి దారి ఇస్తే చాలు.

అపోహ: కొత్త రబ్బరు బీడింగ్ వేయిస్తే సమస్య తీరిపోతుంది.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈ నమ్మకమే. ఒక 1950ల నాటి సెడాన్ ఇలాగే వచ్చింది. బానెట్ చుట్టూ కొత్త బీడింగ్, చక్కగా అతుక్కుని ఉంది. అయినా వాన పడ్డ ప్రతిసారీ వెనకవైపు రెండు ప్లగ్ వైర్లూ తడుస్తున్నాయి. నేను బీడింగ్ ముట్టుకోలేదు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే జాలీ విప్పి రెండు వేళ్లు లోపలికి పెట్టాను. మెత్తగా, చల్లగా, నల్లటి బురదలాంటిది తగిలింది. ఏళ్ల తరబడి రాలిన ఆకులు కుళ్లి ముద్ద కట్టాయి. మూడు గుప్పిళ్లు తీశాక అడుగున బొటనవేలు పట్టేంత గొట్టం నోరు కనిపించింది. తీగతో దాన్ని మెల్లగా కుళ్లగించి ఒక మగ్గు నీళ్లు పోశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత గుడగుడమంది. ముందు చక్రం వెనకాల నేల మీద ధార పడింది. ఆ తర్వాత ఆ వైర్లు తడవలేదు.

అద్దం మీద పడిన వాన అంతా జారి ఆ జాలీ కింద ఉన్న తొట్టిలోకి చేరుతుంది. దానికి రెండు చివర్లా గొట్టాలుంటాయి. కొన్ని కార్లలో గొట్టం కొసన బాతు ముక్కులా మూసుకునే రబ్బరు మూతి ఉంటుంది. అందులో ఆకు ఇరుక్కుంటే చాలు, తొట్టి నిండి ఇంజిన్ మీదికో, లోపల కాళ్ల దగ్గరికో పొంగుతుంది. కాబట్టి బీడింగ్ కొనేముందు మగ్గు నీళ్ల పరీక్ష చేయండి. ఎడమ ఒకసారి, కుడి ఒకసారి. పోసిన నీరు ఎక్కడ బయటికి వస్తుందో, ఎంతసేపటికి వస్తుందో చూడండి. బండిని మీరు రోజూ ఆపే చోట, అదే వాలులో ఉంచి చేయడం మంచిది. ముక్కు కిందికి దిగి ఉంటే నీరు ముందుకు, ఇంజిన్ వైపు పారుతుంది. అదే బండి చదునైన చోట బాగానే ఉంటుంది.

బీడింగ్ అవసరం లేదని కాదు. ముఖ్యంగా బానెట్ వెనక అంచున, అద్దం వైపు ఉండే బీడింగ్‌కి నీళ్ల కంటే పెద్ద పని ఉంది. చాలా బండ్లలో కేబిన్‌లోకి గాలి ఆ తొట్టి నుంచే వెళుతుంది. అక్కడ రబ్బరు పోతే ఇంజిన్ పొగ, దానిలోని కార్బన్ మోనాక్సైడ్ మీరు కూర్చున్న చోటికి వస్తుంది. అది ఎట్టి పరిస్థితిలోనూ బాగుండాలి. కొనేటప్పుడు చిన్న ముక్కను నీళ్లలో ముంచి పిండండి. స్పాంజిలా నీరు కారితే వద్దు, అది రేకుకి ఎప్పుడూ తడిగుడ్డ చుట్టినట్టే ఉంటుంది. లోపలి గదులు మూసుకుని ఉన్న నురగ రబ్బరు నీరు పీల్చదు. వేశాక కాగితం ముక్క పెట్టి బానెట్ మూసి లాగి చూడండి. పట్టుగా రావాలి. జారిపోతే అక్కడ సందు ఉన్నట్టు.

అపోహ: సందులకు సిలికాన్ పూస్తే పోతుంది.

వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. పెయింటు లేచిపోయిన రేకు మీద పూస్తే అడుగున తుప్పు పడుతుంది, పైకి మాత్రం తెల్లగా అందంగా కనిపిస్తుంది. తప్పనిసరైతే న్యూట్రల్ రకం వాడండి, అదీ రెండు రేకుల అతుకులోనే. అడుగున ఉన్న రంధ్రాలకు ఏదీ పూయకండి. అవి తయారీలో మరిచిపోయినవి కావు, నీరు పోవడానికి పెట్టినవి.

అపోహ: గ్రిల్, గాలి చీలికలు మూసేస్తే వాన కొట్టదు.

వాన కొట్టదు, నిజమే. కానీ గాలి కూడా ఆడదు. రేడియేటర్ కాగుతుంది, పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజిన్ ఆగిపోతుంది. మూయడానికీ మళ్లించడానికీ చాలా తేడా ఉంది. ఈ పాఠం పెద్ద కంపెనీలు కూడా బండ్లు రోడ్డెక్కాకే నేర్చుకున్నాయి. 1959లో వచ్చిన బ్రిటిష్ చిన్న కారు మినీనే తీసుకోండి. ఇంజిన్‌ని అడ్డంగా పెట్టారు. అమ్మకానికి ముందు చేసిన మొదటి నమూనాల్లో కార్బురేటర్ ముందువైపు ఉండేది. తర్వాత ఇంజిన్‌ని అటుదిటు తిప్పేసరికి డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా గ్రిల్ వెనక్కి వచ్చింది. జోరువానలో గ్రిల్ గుండా నీరు నేరుగా దాని మీదే కొట్టి బండ్లు ఆగిపోయేవి. పరిష్కారం గ్రిల్ మూయడం కాలేదు, డిస్ట్రిబ్యూటర్ ముందు ఒక కవచం పెట్టడమే. రబ్బరు గ్లవ్ వేళ్ల కొసలు కత్తిరించి, వాటిలోంచి ప్లగ్ వైర్లు తీసి, డిస్ట్రిబ్యూటర్ మూతకి, అంటే క్యాప్‌కి, తొడగడం మినీ యజమానుల పాత చిట్కా. ఇప్పటికీ పనిచేస్తుంది. తొడిగేముందు క్యాప్ ఆరబెట్టండి, లేకపోతే తేమ లోపలే బందీ అవుతుంది.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కన్వర్టిబుల్‌లో ఇంకో దారి చూడొచ్చు. ఇంజిన్ వెనకాల ఉంటుంది, మూతకే గాలి చీలికలుంటాయి. మూత లోపలివైపు ఒక రేకు తొట్టి బిగించి, చీలికల్లోంచి పడిన నీటిని ఇంజిన్ మీద పడకుండా పక్కకి దింపారు. పెయింటు వేయడానికి విప్పిన ఆ తొట్టిని తిరిగి బిగించకుండా వదిలేసిన బండ్లు నా చేతికి వచ్చాయి. "అదెందుకో తెలియలేదు, బరువని తీసేశాం" అంటారు. మీ బండిలో ఎందుకుందో తెలియని రేకు ముక్క ఏదైనా ఉంటే దయచేసి పారేయకండి. మీకు కావాల్సింది అలాంటిదే అయితే సన్నటి అల్యూమినియం రేకుని వంచి కాయిల్ పైనో, కార్బురేటర్ పైనో చిన్న చూరులా బిగించుకోండి. ఉన్న బోల్టులకే పట్టించండి, పాత రేకుకి కొత్త రంధ్రాలు వద్దు.

అపోహ: డబ్ల్యూడీ-40 కొడితే చాలు, వానాకాలమంతా బెంగ లేదు.

1953లో తయారైన ఆ ద్రవం పేరులోనే దాని పని ఉంది, నీటిని తొలగించే 40వ ప్రయత్నం అని. తడిసిన వైర్లని ఆ పూటకి బతికిస్తుంది. కానీ మిగిలిన జిడ్డు మీద దుమ్ము పడుతుంది. నిజానికి శత్రువు ఆ దుమ్మే. శుభ్రమైన క్యాప్ మీద నాలుగు చుక్కలు పెద్దగా హాని చేయవు. మురికీ తేమా కలిసినప్పుడే 10,000 వోల్టులకు పైగా ఉండే కరెంటుకి పక్కదారి దొరుకుతుంది. ఇంకో జాగ్రత్త, అది మండే ద్రవం. ఇంజిన్ నడుస్తుండగా కొట్టకూడదు.

కరెంటు ఎక్కడ పక్కదారి పడుతోందో తెలుసుకోవాలంటే రాత్రిపూట, గాలి ఆడే చోట బండి స్టార్ట్ చేసి, దీపాలు ఆర్పి, స్ప్రే సీసాతో మామూలు నీటిని పొగమంచులా సన్నగా వైర్ల మీద చల్లండి. చేయి మాత్రం పెట్టకండి, ఫ్యాన్‌కి దూరంగా ఉండండి. పాడైన చోట నీలి మెరుపు సన్నగా పాకుతూ కనిపిస్తుంది, టిక్ టిక్ అని చప్పుడు వినిపిస్తుంది. ఇంజిన్ ఆపి క్యాప్ విప్పి చూస్తే లోపల పెన్సిల్ గీతలాంటి నల్లటి గీత ఉండొచ్చు. ఆ గీత గీకితే పోదు. క్యాప్ మార్చాలి.

అపోహ: టార్పాలిన్ కప్పితే భద్రం.

వేడిగా ఉన్న ఇంజిన్ మీద ప్లాస్టిక్ కప్పితే నేల తేమా గాలి తేమా లోపలే పేరుకుని, రాత్రి చల్లబడ్డాక రేకుకి చెమట పడుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు వాడండి, అదీ ఇంజిన్ చల్లారాకే.

అపోహ: ఇంజిన్ ఆయిల్ మూత లోపల పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే వాన నీరు వెళ్లినట్టే.

సాధారణంగా కాదు. రోజూ చిన్న దూరాలే తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి ఆవిరి మూత దగ్గర చల్లబడి ఆయిల్‌తో కలుస్తుంది. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీసి చూడండి. దాని మీద కూడా తెల్లగా ఉండి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ని (ఇంజిన్ తలకీ దిమ్మకీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. మూత రబ్బరు చిరిగి, సరిగ్గా దాని మీదే ధార పడుతుంటే అప్పుడు వానదే తప్పు.

అపోహ: కార్బురేటర్‌లో నీళ్లు పడ్డా పర్వాలేదు, సెల్ఫ్ కొడుతూ ఉంటే అవే పోతాయి.

వీటన్నిటిలో నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. లెక్క చూడండి. ఉదాహరణకి 1200 సీసీ, నాలుగు సిలిండర్లు, 7:1 కంప్రెషన్ (సిలిండర్‌లోని గాలిని ఏడో వంతుకి నొక్కడం) ఉన్న ఇంజిన్. ఒక్కో సిలిండర్ 300 సీసీ. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 50 సీసీ. అంటే దగ్గు మందు మూతతో ఐదారు మూతల నీరు. ఎయిర్ ఫిల్టర్ విప్పి షెడ్డు బయట వదిలేసిన బండిలో, పైకి నోరు తెరిచి ఉన్న కార్బురేటర్ గుండా, తెరిచి ఉన్న ఇన్‌లెట్ వాల్వ్ మీదుగా అంత నీరు దిగడానికి ఒక్క రాత్రి వాన చాలు. నీరు గాలిలా నలగదు. సెల్ఫ్ కొడితే పిస్టన్‌ని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

అనుమానం ఉంటే తాళం చెవి జేబులో పెట్టుకోండి. బ్యాటరీ వైరు విప్పండి. ప్లగ్గులన్నీ తీసేసి ఇంజిన్‌ని చేత్తో మెల్లగా తిప్పండి, ప్లగ్ రంధ్రాల మీద ముఖం పెట్టకండి. నీరు రావడం ఆగేదాకా తిప్పి, ప్రతి సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ రెండు చుట్లు తిప్పండి. కార్బురేటర్ గిన్నె విప్పి అడుగున చేరిన నీరు పారబోయండి, నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి అది కిందే ఉంటుంది. డిప్‌స్టిక్ చూడండి, ఆయిల్ మట్టం పెరిగి ఉంటే ఆయిల్ మార్చాకే పొడి ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొట్టండి.