ఉబ్బసంలో శ్వాసనాళపు గోడను కట్టే కణాలు

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే వేసవి ముందు రోజుల్లో, ముక్కుకూ నోటికీ తువ్వాలు చుట్టుకుని టిక్కీలు మోసే హమాలీలు మధ్యమధ్య ఆగి దగ్గుతుంటారు. వారిలో ఉబ్బసం ఉన్న మనిషి ఆ ఘాటుకు ఆయాసపడి, జేబులోంచి ఇన్‌హేలరు తీసి రెండు పఫ్‌లు పీల్చుకుంటే, బిగుసుకున్న శ్వాసనాళపు కండరం సడలి కాసేపటికి ఊపిరి తేలికపడుతుంది. ఆ మందు కండరాన్ని సడలిస్తుందే గాని నాళపు గోడను మార్చదు. ఆ గోడను కట్టేవి సంయోజక కణజాలంలోని ఫైబ్రోబ్లాస్టులనే కణాలు. ఉబ్బసం చరిత్రలో వీటి పాత్ర చాలా ఆలస్యంగా బయటపడింది.

గోడ మందమవుతుందన్న సంగతి మాత్రం పాతదే. ఉబ్బసంతో మరణించినవారి శ్వాసనాళాలను పరీక్షించిన హ్యూబర్, కెస్లర్ 1922లోనే దాన్ని నమోదు చేశారు. 1960లో డన్నిల్ పరిశీలనల్లోనూ అదే కనిపించింది. మందమైనది లోపొర కింద ఉండే ఆధారత్వచమేనని చాలాకాలం అనుకున్నారు. 1989లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో రోష్, హోల్గేట్ తదితరులు రోగుల నుంచి సేకరించిన చిన్న ముక్కలను పరీక్షించగా, అసలు ఆధారత్వచంలో ఉండే నాలుగో రకం కొల్లాజెన్ (కణజాలాన్ని పట్టి ఉంచే ప్రోటీను) కాక, దాని కింద మూడో, ఐదో రకం కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ అనే మరో ప్రోటీను పేరుకుని ఉన్నాయి. అంటే అది ఒక విధమైన మచ్చ. మరుసటి ఏడాది అక్కడివారే ఆ మచ్చ మందానికీ మయోఫైబ్రోబ్లాస్టులనే కణాల సంఖ్యకూ సంబంధం ఉందని చూపారు. మోకాలి గాయం మానేటప్పుడు అంచులను దగ్గరకు లాగేవి ఈ జాతి కణాలే. 1971లో గాబియాని బృందం వీటిని మానుతున్న గాయాల్లోనే గుర్తించింది. దెబ్బతిన్న లోపొర నుంచి, వాపు కణాల నుంచి వెలువడే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీను సంకేతంతో ఫైబ్రోబ్లాస్టులు ఈ రూపం దాల్చి కొల్లాజెన్ పోస్తాయి. చర్మం మీద గాయం మానితే ఆ పని ఆగిపోతుంది, ఉబ్బసంలో మాత్రం అది సాగుతూనే ఉంటుంది.

దీనంతటికీ మూలం అలర్జీ వాపేనన్న నమ్మకాన్ని 2011లో సౌతాంప్టన్‌లోనే జరిగిన మరో ప్రయోగం కదిలించింది. తేలికపాటి ఉబ్బసం ఉన్న 48 మందిలో కొందరికి దుమ్ముపురుగు అలర్జీ పదార్థాన్ని, కొందరికి నాళాలను బిగించే మెథకోలిన్‌ను మూడుసార్లు పీల్పించారు. మెథకోలిన్‌తో అలర్జీ వాపు పెరగకపోయినా, కొల్లాజెన్ పొర దుమ్ముపురుగు పీల్చినవారిలో మాదిరిగానే మందమైంది. ముందుగా నాళాలను సడలించే మందు ఇచ్చి ఆ తర్వాత మెథకోలిన్ పీల్పించినవారిలో మందం కాలేదు. నాళం పదేపదే బిగుసుకోవడమే గోడను మార్చగలదని దీన్నిబట్టి తేలింది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ఫలితం ఇదే, ఎందుకంటే మన దగ్గర ఇన్‌హేలరు అలవాటైపోతుందన్న భయంతో ఆయాసం తగ్గగానే పిల్లలకు నాళం బిగుసుకునే సందర్భాలను తగ్గించే రోజువారీ స్టెరాయిడ్ పఫ్ మానిపించి, మళ్ళీ పిల్లికూతలు వినబడేదాకా ఆగే ఇళ్ళు విజయవాడలోనూ గుంటూరులోనూ ఎన్నో ఉన్నాయి. మూడేళ్ళలోపు పిల్లల్లోనే ఈ మందం మొదలవుతుందని 2007 నాటికే వెల్లడైంది.

పీల్చే స్టెరాయిడ్లు, 1972లో వచ్చిన బెక్లోమెథసోన్‌తో మొదలుకొని, వాపును బాగా అణచి నాళం బిగుసుకునే సందర్భాలను తగ్గిస్తాయి. నెలల తరబడి వాడితే పొర కొంత పలచబడినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. ఫైబ్రోబ్లాస్టులనే నేరుగా అదుపుచేసే మందు మాత్రం ఉబ్బసం చికిత్సలో ఇంకా వాడుకలోకి రాలేదు.