ఎలక్ట్రిక్ గిటార్ పికప్ (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) కింద ఏ రేకు ఉండాలి? అపోహలు - వాస్తవాలు

అపోహ: పికప్‌కు ఇత్తడి బేస్‌ప్లేట్ (అడుగు రేకు) వేస్తే టోన్ గంట కొట్టినట్టు మెరుస్తుంది.

జరిగేది దీనికి ఉల్టా. రేకు మోగడం వల్ల టోన్ రాదు. స్ట్రింగ్ కదిలినప్పుడు మారే అయస్కాంత క్షేత్రం కింది లోహంలో ఎడ్డీ కరెంట్లు (లోహంలోనే సుడులు తిరిగే కరెంట్లు) పుట్టిస్తుంది, అవి ట్రెబుల్‌ను (పై స్వరాల పదునును) తినేస్తాయి. కరెంటు బాగా పారే లోహమైతే నష్టం ఎక్కువ. జర్మన్ సిల్వర్‌తో పోలిస్తే ఇత్తడిలో కరెంటు నాలుగైదు రెట్లు బాగా పారుతుంది. 1950ల చివరి గిబ్సన్ హంబకర్ల (రెండు కాయిల్స్ ఉన్న పికప్‌ల) బేస్‌ప్లేట్ జర్మన్ సిల్వరే. అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింక్ ఉంటాయి. అయితే కింది రేకు ఒక్కటే మారిస్తే తేడా కొద్దిగానే ఉంటుంది. పై కవర్ కూడా ఇత్తడిదైతేనే చెవికి బాగా తెలుస్తుంది. ఈ రెండు లోహాలకూ అయస్కాంతం అంటదు కాబట్టి గుర్తుపట్టాలంటే అంచును ఆకురాయితో కొంచెం రుద్దండి. పసుపు రంగు తేలితే ఇత్తడి.

అపోహ: టెలికాస్టర్ (ఫెండర్ గిటార్ మోడల్) బ్రిడ్జ్ పికప్ (తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గరి పికప్) రేకుకు రాగి పూత ఉంటేనే అసలు టోన్.

పూత చాలా పలచన. పని చేసేది లోపలి ఉక్కు. అది కాయిల్ ఇండక్టెన్స్‌ను (కరెంటు మార్పును అడ్డుకునే గుణాన్ని) కొంచెం పెంచుతుంది, మిడ్స్ (మధ్య స్వరాలు) చిక్కబడతాయి. పూత రంగు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఆ రేకుకు ఇంకో పెద్ద పని ఉంది. మూడు స్క్రూల ద్వారా బ్రిడ్జ్‌కి, స్ట్రింగ్స్‌కి ఎర్త్ ఇచ్చేది అదే. రేకు తీసేసి బ్రిడ్జ్‌కి వేరే వైరు వేయకపోతే హమ్ (గుయ్ మనే శబ్దం) మొదలవుతుంది. ఎర్తింగ్ సరిగా లేని ఫంక్షన్ హాళ్లలో ఇంకా ఘోరం. మల్టీమీటర్‌తో జాక్ స్లీవ్‌కి (కేబుల్ సాకెట్‌లో ఎర్త్ వైపు), స్ట్రింగ్‌కి మధ్య చూడండి: 1 ఓమ్ దగ్గర ఉండాలి.

అపోహ: స్ట్రాట్‌కు (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) ఉక్కు రేకు వేస్తే టెలి (టెలికాస్టర్) అయిపోతుంది.

కాదు. కాయిల్ కొలతలు వేరు, బ్రిడ్జ్ వేరు. లో-మిడ్స్ కొంచెం నిండుగా వస్తాయి, అంతవరకే. చేయాలనుకుంటే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో హార్డ్‌వేర్ షాపులో దొరికే 1 మి.మీ. జీఐ (జింక్ పూత ఉక్కు) రేకు చాలు. కాయిల్ వైర్లు బయటికొచ్చే చోట రేకును కత్తిరించండి, లేకపోతే షార్ట్ అవుతుంది. ఎర్త్ వైరును ముందే రేకుకు సోల్డర్ చేసి, తర్వాతే పికప్‌కు అతికించండి. అతికించాక సోల్డర్ చేస్తే ఆ వేడికి బాబిన్ (కాయిల్ చుట్టిన చట్రం) పాడవుతుంది. రేకు అయస్కాంత కడ్డీలకు ఆనుకొని ఉండాలి. కడ్డీల బదులు సిరామిక్ అయస్కాంత బద్ద అతికించిన చవక పికప్‌లకు ఈ ప్రయాస దండగ.

అపోహ: ఓమ్స్ చూస్తే రేకు తేడా తెలుస్తుంది.

డీసీ రెసిస్టెన్స్ మారదు. ఇండక్టెన్స్ చూడాలంటే ఎల్‌సీఆర్ మీటర్ కావాలి.

అపోహ: ఆంప్‌లో గెయిన్ (సిగ్నల్ బలం) పెంచగానే పికప్ కీచుమంటే రేకు లోహం మార్చాలి.

చాలాసార్లు అది రేకు వదులై కదలడం వల్లే. మే నెల ఎండలో మూసిన కారులో గిటార్ వదిలేస్తే లోపలి మైనం మెత్తబడి రేకు ఊడిపోతుంది. 80 పాళ్ల పారఫిన్‌కు 20 పాళ్ల తేనెమైనం కలిపి, నేరుగా మంట మీద కాకుండా నీళ్ల గిన్నెలో పెట్టి, 65 డిగ్రీల దగ్గర కరిగించండి. రేకును దారంతో బిగించి, బుడగలు ఆగేదాకా పికప్‌ను అందులో ముంచండి. 70 దాటితే ప్లాస్టిక్ బాబిన్ వంకరపోతుంది.