రౌటర్ గురించి షాపులో రోజూ వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

చెక్కపని నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్ళు మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ రౌటర్ కొనమంటావ్?" ఏ పనికి అని తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. ఫోన్‌లో ఎవరో పెద్ద మెషీన్‌తో టేకు పలకని వెన్నలా చెక్కుతుంటే చూసి ఉంటారు. రౌటర్ అంటే నిటారుగా నిలబెట్టిన ఒక మోటారు, దాని కింద ఒక పలక. కోసేది బిట్టు, ఆ బిట్టుని పట్టుకునేది కోలెట్, నడిపేది మన చెయ్యి. డబ్బూ బుర్రా ఈ మూడింటి మీద పెట్టాల్సింది పోయి మోటారు మీద పెడతారు. ఇక్కడ రాసిన అపోహల్లో సగం అలా పుట్టినవే.

"వాట్లు ఎంత ఎక్కువుంటే అంత మంచి మెషీన్"

ఇంటీరియర్ పని చేసే ఏ మేస్త్రి సంచిలో చూసినా ఒక ట్రిమ్మర్, అంటే చిన్న రౌటర్, ఉంటుంది. మకిటా 3709నే తీసుకోండి. 530 వాట్లు, నిమిషానికి 30,000 చుట్లు, ఒంటిచేత్తో పట్టుకోవచ్చు. సన్‌మైకా అంచు తీయడం, షెల్ఫు అంచుకి రౌండ్ కొట్టడం, మడతబందులకు గుంట తీయడం, వెనక ప్లై కూర్చోవడానికి 6 మి.మీ. గాడి లాగడం... ఇళ్ళలో జరిగే పనిలో ఎక్కువ భాగం ఇదే. వీటన్నిటికీ ట్రిమ్మర్ సరిపోతుంది. "అది మైకా కోయడానికే కదా" అని చిన్నచూపు చూసేవాళ్ళు దాన్ని ఒక స్కేలు ఆనించి ఎప్పుడూ నడిపి ఉండరు.

1600 వాట్లు దాటిన, 12 మి.మీ. షాంక్ (కోలెట్‌లో దూరే బిట్టు కాడ) పట్టే ప్లంజ్ రౌటర్, అంటే మోటారుని పైనుంచి చెక్కలోకి దింపే పెద్ద రౌటర్, సంగతి వేరు. అది ఐదారు కిలోల బరువు. గుమ్మాలకు లోతైన మోల్డింగ్, టేకు తలుపుల ప్యానెళ్ళు, ఒకటే సైజు గాళ్ళు రోజంతా తీసే పని ఉంటే కొనండి. అదీ చేత్తో పట్టుకోవడం కంటే టేబుల్ కింద బిగిస్తేనే పూర్తిగా అక్కరకొస్తుంది. సన్నటి అంచు మీద అంత బరువు నిలబెట్టి రౌండ్ కొడితే మెషీన్ ఒరుగుతుంది, అంచు పాడవుతుంది.

మొదటిసారి కొనేవాళ్ళకు నా మాట: స్పీడ్ తగ్గించుకునే వీలున్న 700 వాట్ల ట్రిమ్మర్. ఆ కంపెనీ కార్బన్ బ్రష్షులు (మోటారు లోపల కరెంటు అందిస్తూ అరిగిపోయే ముక్కలు), కోలెట్లు మీ ఊళ్ళో విడిగా దొరుకుతాయో లేదో ముందు అడగండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికేవన్నీ నిజామాబాద్‌లోనో ఒంగోలులోనో దొరకాలని లేదు. బ్రష్షు దొరక్క మూలన పడిన మెషీన్ ఎన్ని వాట్లదైతే ఏం లాభం.

"6 మి.మీ., పావు అంగుళం రెండూ ఒకటే, గట్టిగా బిగిస్తే సరిపోతుంది"

దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దెబ్బలు తగిలేది ఇక్కడే. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. 6కీ దానికీ తేడా 0.35. చేతికి తెలియదు, కంటికి ఆనదు. కానీ కోలెట్ అనేది చీలికలున్న ఒక చిన్న గొట్టం. నట్టు తిప్పేకొద్దీ ఆ చీలికలు దగ్గరకొచ్చి షాంక్‌ని చుట్టూ సమానంగా పట్టుకోవాలి. 6.35 కోలెట్‌లో 6 మి.మీ. బిట్టు పెడితే ఒంటి అంచు మీదే పట్టు దొరుకుతుంది. మీరు నట్టు బిగించారు, స్పానర్ ఆగింది, బిగిసిందనుకున్నారు. 30,000 చుట్ల దగ్గర బిట్టు వణుకుతూ మెల్లగా కిందికి జారుతుంది. 5 మి.మీ. లోతుతో మొదలైన గాడి చివరికొచ్చేసరికి 8 ఉంటుంది. అది అదృష్టం ఉంటే. లేకపోతే బిట్టే ఊడి వస్తుంది.

12 మి.మీ., అర అంగుళం విషయమూ అంతే. అర అంగుళమంటే 12.7. మన మార్కెట్‌లో రెండూ పక్కపక్కనే అమ్ముతారు, షాపువాడు అడక్కుండా చెప్పడు. షాంక్ మీద సైజు చెరిగిపోయి ఉంటే వెర్నియర్ (మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలత పరికరం)తో కొలవండి.

బిగించే పద్ధతి కూడా చూడండి. బిట్టుని లోపలికి పూర్తిగా దింపి, అడుగు తగిలాక 2 మి.మీ. పైకి లాగి అప్పుడు బిగించాలి. అడుగుకి ఆనించే బిగిస్తే, కోలెట్ ముడుచుకునేటప్పుడు షాంక్‌ని కాస్త కిందికి లాగుతుంది. కదలడానికి చోటు లేక పట్టు సరిగా పడదు. అలాగని లోతు కోసం షాంక్‌ని మరీ పైకి లాగొద్దు. కనీసం 20 మి.మీ. లోపల ఉండాలి. బిట్టు లేకుండా ఉత్త నట్టుని బిగించి సంచిలో పడేసే అలవాటు కొందరికుంది. కోలెట్ నొక్కుకుపోయి షేపు పోతుంది. అందులో చెక్కపొడి, జిగురు పేరుకుపోతే పట్టు తప్పుతుంది కాబట్టి పాత టూత్‌బ్రష్షు ఒకటి దగ్గర పెట్టుకోండి.

"ఫుల్ స్పీడ్‌లో పెడితే ఫినిషింగ్ బాగా వస్తుంది"

సన్నటి బిట్టుకి నిజం, వెడల్పు బిట్టుకి ప్రమాదం. లెక్క వేసి చూద్దాం. 6 మి.మీ. బిట్టు 30,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 34 కిలోమీటర్లు. 50 మి.మీ. మోల్డింగ్ బిట్టు 22,000 దగ్గర తిరిగితే అంచు వేగం గంటకు 207 కిలోమీటర్లు. అదే బిట్టుని 12,000కి తగ్గిస్తే 113కి వస్తుంది. అందుకే 25 మి.మీ. దాటిన బిట్లకు 18,000 లోపు, 50 దాటితే 12,000 చుట్టుపక్కల ఉంచుతాం. బిట్టు మీద గరిష్ఠ వేగం రాసి ఉంటే అదే పాటించండి. స్పీడ్ మార్చే వీల్లేని ట్రిమ్మర్‌లో వెడల్పు బిట్టు అసలు పెట్టొద్దు.

"నెమ్మదిగా నడిపితే నీట్‌గా వస్తుంది"

నెమ్మదిగా నడిపితే కాలుతుంది. బిట్టు ఒకేచోట తిరుగుతుంటే కోయడానికి కొత్త చెక్క దొరక్క ఉన్నదాన్నే రుద్దుతుంది. అప్పుడొచ్చే నల్లమచ్చ పాలిష్ వేశాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూలల దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగినా మచ్చ పడుతుంది. సరైన వేగాన్ని చెవి చెబుతుంది. మోటారు శబ్దం కొద్దిగా బరువెక్కి, అలాగే నిలకడగా ఉండాలి. కీచుమంటుంటే చెయ్యి మందంగా ఉంది, మూలుగుతుంటే లోతు ఎక్కువైంది. బయటికొచ్చేది చిన్న చిన్న పెచ్చులుగా ఉండాలి. పిండిలా వస్తే బిట్టు మొద్దుబారినట్టు (చెక్కపీచుని జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ పలకలో మాత్రం ఎలా నడిపినా పిండే వస్తుంది).

ట్రిమ్మర్‌తో ఒక్కో లాగుకి 3 మి.మీ. చాలు. 9 మి.మీ. గాడి కావాలంటే మూడుసార్లు.

"ఎటునుంచి ఎటు తోసినా కోస్తుంది కదా"

కోస్తుంది. కానీ ఒకవైపు తోస్తే మీరు చెప్పినట్టు మెషీన్ వింటుంది, రెండోవైపు తోస్తే మెషీన్ పోయినచోటికి మీరు పోతారు. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముళ్ళలా తిరుగుతుంది. కాబట్టి పలక బయటి అంచుల మీద గడియారానికి ఎదురు దిశలో నడపాలి. ఫ్రేము లోపలి అంచుల మీద గడియారం దిశలో. టేబుల్ కింద తలకిందులుగా బిగించినప్పుడు చెక్కని కుడి నుంచి ఎడమకు తోయాలి. తికమకగా ఉంటే కుడిచేతి అరచేతిని నేలవైపు పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ ఎల్ ఆకారంలో చాపండి. బొటనవేలు చెక్క వైపు పెడితే చూపుడువేలు చూపించే వైపే దారి.

టేకు షెల్ఫు నాలుగు అంచులకూ రౌండ్ కొట్టాలనుకోండి. ముందు నారకు అడ్డంగా ఉండే పొట్టి అంచులు రెండూ, తర్వాత నార వెంబడి ఉండే పొడుగు అంచులు. పొట్టి అంచు చివర బిట్టు బయటపడేచోట చిన్న ముక్క ఊడి వస్తుంది. తర్వాత పొడుగు అంచు మీద నడిపినప్పుడు ఆ గాయం చాలావరకు కోతలో కలిసిపోతుంది. ఈ వరస తిరగేస్తే ఆ ఊడిన ముక్క కోసం కింద వెతుక్కుంటూ ఫెవికాల్ డబ్బా తెరవాలి. అంచు అసలు ఊడకుండా ఉండాల్సిందే అయితే చివర ఒక పనికిరాని ముక్క ఆనించి క్లాంపు వేయండి.

"30 బిట్ల పెట్టె కొంటే ఇక చూసుకోనక్కర్లేదు"

అందులో వాడేది నాలుగైదు. అందరికంటే ముందు మొద్దుబారేవీ అవే. 6, 12 మి.మీ. స్ట్రెయిట్ బిట్లు, కింద బేరింగ్ ఉన్న ట్రిమ్మింగ్ బిట్టు, ఒక రౌండ్, ఒక 45 డిగ్రీలది విడిగా మంచివి కొనుక్కోండి. కార్బైడ్ (స్టీలు కంటే చాలా గట్టి పదార్థం) పళ్ళే కావాలి. ప్లైలో ఉండే జిగురు, టేకులో సహజంగా ఉండే ఇసుకలాంటి సిలికా మామూలు స్టీలు అంచుని తొందరగా తినేస్తాయి. కార్బైడ్ ముక్క మందంగా ఉందా, అతుకు చుట్టూ ఖాళీల్లేవా అని వెలుతురులో తిప్పి చూడండి. జిగురు పట్టిన బిట్టుని కిరోసిన్‌తో తుడవచ్చు. బేరింగ్ మాత్రం విప్పి పక్కన పెట్టండి, అది నానితే లోపలి గ్రీజు పోతుంది.

18 మి.మీ. ప్లై అని కొన్నది కొలిస్తే చాలాసార్లు అంతకంటే తక్కువే ఉంటుంది. 18 బిట్టుతో ఒకే లాగులో గాడి తీస్తే షెల్ఫు అందులో ఊగుతుంది. 12 బిట్టుతో రెండు లాగుల్లో, చేతిలో ఉన్న ప్లైని పెట్టి చూసుకుంటూ తీయండి.

"గ్లవ్స్ వేసుకుంటే చేతులకు భద్రత"

తిరిగే బిట్టు దగ్గర గ్లవ్స్ వద్దు. దారం చిక్కితే చేతిని లోపలికి లాగుతుంది. పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు కూడా అంతే. కళ్ళద్దాలు, చెవులకు ప్లగ్గులు, ముక్కుకి ఎన్95 తప్పవు. చెక్కపొడి క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో, ఉంది. బిట్టు మార్చేటప్పుడు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకేయాలి.

"సీఎన్‌సీ వచ్చాక చేతి రౌటర్ ఎందుకు"

పూజగది తలుపుకి జాలీ, గుమ్మానికి లక్ష్మీదేవి కావాలంటే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషీన్)కే పంపండి, చేత్తో పోటీ పడలేం. కానీ బిగించేసిన గుమ్మానికి మడతబందు గుంట తీయాలంటే గుమ్మాన్ని పీకి సీఎన్‌సీ షాపుకి మోసుకెళ్తామా? ఆ గుంట మూలలు రౌటర్‌తో గుండ్రంగానే వస్తాయి. 12 మి.మీ. బిట్టు 6 మి.మీ. వంపు వదులుతుంది. దాన్ని ఉలితో సరిచేయాల్సిందే.

"అమెరికాలో బావతో తెప్పిస్తే చవక"

ఇది మన తెలుగిళ్ళలో ఎక్కువ. అక్కడి మెషీన్ 120 వోల్టులది, ఇక్కడి కరెంటు 230. నేరుగా ప్లగ్గు పెడితే మోటారు పొగలొచ్చి చస్తుంది. ప్లగ్గు మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. 1400 వాట్ల మెషీన్‌కి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, అదీ 2000 వీఏ (వోల్ట్-ఆంపియర్) పైనది, కావాలి. అది బరువు, ఖర్చు. సైటుకి సైటుకి మోసుకు తిరగలేం. తెచ్చేవాళ్ళు సిద్ధంగా ఉంటే బిట్లు తెప్పించుకోండి. అక్కడివి అంగుళాల షాంకులు, పావు అంగుళానివి మన 6.35 కోలెట్‌లో సరిగ్గా కూర్చుంటాయి. చేతి బ్యాగులో కాకుండా చెక్-ఇన్ సామానులో పెట్టమని మాత్రం ముందే చెప్పండి.