ప్రాజెక్ట్ పిల్లలకి, రాత్రి జాగారం పెద్దలకి ఎందుకు?

"టీచర్, మా బాబుకి ప్రాజెక్ట్ ఇచ్చారు. నాకేమో బొమ్మలు వెయ్యడం రాదు. ఏం చెయ్యమంటారు?"

పేరెంట్స్ మీటింగుల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. అడిగే తల్లి ముఖంలో టెన్షన్ చూస్తేనే ముందురోజు రాత్రి ఇంట్లో ఏం జరిగిందో అర్థమైపోతుంది. పిల్లాడు తొమ్మిదింటికే నిద్రపోయి ఉంటాడు. అమ్మ థర్మోకోల్ కోస్తూ, నాన్న నెట్‌లో బొమ్మలు వెతికి ప్రింట్లు తీస్తూ కూర్చుని ఉంటారు. పొద్దున్న ఆ మోడల్ బడికి వస్తుంది, బీరువా ఎక్కుతుంది. అందులో ఏముందో చెప్పమంటే పిల్లాడు అమ్మ వైపు చూస్తాడు.

ఆ తల్లిదండ్రుల్ని నేనేమీ అనను. మిగతా పిల్లలు మెరిసిపోయే మోడల్స్ పట్టుకొస్తుంటే తన బిడ్డ చిన్నబోకూడదని ఎవరికైనా ఉంటుంది. ఏడేళ్ల పిల్లలు చెయ్యలేని పనిని ఇంటికి పంపి, పొద్దున్నే దానికి మార్కులు వేసే మా వాళ్లదే తప్పు.

అపోహ: ప్రాజెక్టంటే ఇంట్లో చేసి తెచ్చే మోడల్ లేదా చార్ట్.

ప్రాజెక్టంటే ఒక ప్రశ్న పట్టుకుని పిల్లలు కొన్ని వారాలపాటు చేసే పరిశోధన. అది జరగాల్సింది తరగతిలో, టీచర్ కళ్లముందు. చివర్లో మోడలో, పిల్లలు రాసిన పుస్తకమో, చిన్న ప్రదర్శనో రావచ్చు, రాకపోవచ్చు.

1989లో లిలియన్ కాట్జ్, సిల్వియా చార్డ్ అనే ఇద్దరు విద్యావేత్తలు చిన్నపిల్లల ప్రాజెక్టుల గురించి పుస్తకం రాశారు. వాళ్ల పద్ధతిలో పని మూడు దశల్లో సాగుతుంది. మొదట, ఆ విషయం గురించి పిల్లలకి ఇప్పటికే ఏం తెలుసో మాటల్లో, బొమ్మల్లో బయటికి రప్పించి, వాళ్ల ప్రశ్నలు రాసిపెట్టుకుంటాం. తర్వాత ఆ వస్తువునో చోటునో దగ్గరకెళ్లి చూస్తారు, తెలిసినవాళ్లని అడుగుతారు, కొలుస్తారు, మళ్లీ బొమ్మలు వేస్తారు. చివర్లో, తెలుసుకున్నది ఇంకొకరికి చెబుతారు. ఇంటి నుంచి వచ్చే థర్మోకోల్ మోడల్‌లో మొదటి రెండు దశలు అసలు లేవు. మూడోది పెద్దవాళ్లు చేసేశారు.

మా రెండో తరగతిలో సైకిల్ మీద చేసిన ప్రాజెక్ట్ చెబుతాను. మొదటి రోజు సైకిల్ చూడకుండా, గుర్తున్నట్టు బొమ్మ వెయ్యమన్నాను. రోజూ సైకిళ్లు చూసే పిల్లలే, అయినా చాలా బొమ్మల్లో చైను లేదు. ఒక పిల్లాడైతే పెడళ్లని ముందు చక్రానికి తగిలించాడు. నేను సరిదిద్దలేదు. మర్నాడు సైకిల్ తరగతిలోకి తెచ్చి, స్టాండ్ వేసి నిలబెట్టి, "పెడల్ తొక్కితే వెనక చక్రం ఎందుకు తిరుగుతుంది?" అని మాత్రం అడిగాను. ఆ పిల్లాడు కింద కూర్చుని పెడల్ చేత్తో తిప్పాడు. ముందుకి తిప్పితే చక్రం తిరిగింది, వెనక్కి తిప్పితే తిరగలేదు. మళ్లీ ముందుకి, మళ్లీ వెనక్కి. తిప్పడం ఆపి, పెడల్ దగ్గర మొదలుపెట్టి చైను పక్కనే వెనక చక్రం దాకా వేలు పోనిచ్చుకుంటూ వెళ్లాడు. ఆ తర్వాత వేసిన బొమ్మలో చైను లింకులు కూడా ఒక్కోటీ విడివిడిగా ఉన్నాయి.

తర్వాత చైను తిరిగే పళ్లచక్రాల లెక్క వచ్చింది. పెడల్ దగ్గరున్న పళ్లచక్రానికి ఎన్ని పళ్లో లెక్కపెట్టమంటే తలా ఒక లెక్క చెప్పారు. గుండ్రంగా ఉన్నదాంట్లో ఎక్కడ మొదలుపెట్టామో గుర్తు లేకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. ఒక పాప వెళ్లి చాక్‌పీస్ తెచ్చి ఒక పంటికి గుర్తు పెట్టింది. ముందు పళ్లచక్రానికి 44, వెనక చక్రం దగ్గరున్న చిన్నదానికి 18 పళ్లు తేలాయి. మరి పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది? వాళ్లకి భాగహారం ఇంకా రాదు. 44లోంచి 18 తీశారు, మిగిలిన 26లోంచి మళ్లీ 18 తీశారు, 8 మిగిలింది. "రెండు చుట్లు, ఇంకొంచెం" అన్నారు. వెనక చక్రానికి రిబ్బన్ కట్టి పెడల్ నెమ్మదిగా తిప్పి చూస్తే సరిగ్గా అంతే వచ్చింది. తీసివేత ఎందుకు నేర్చుకోవాలని ఆ తరగతిలో మళ్లీ ఎవరూ అడగలేదు.

ఆ పిల్లాడి రెండు బొమ్మలూ పక్కపక్కనే గోడకి అంటించి, కింద అతను చెప్పిన మాటలు రాశాం. ఇటలీలోని రెజ్జియో ఎమీలియా ఊరి శిశు పాఠశాలలు ప్రపంచానికి తెలిసింది చాలావరకు ఇలాంటి పనివల్లే. పిల్లలు ఏం చేస్తున్నారో, ఏమంటున్నారో అక్కడ ఎప్పటికప్పుడు రాసి, ఫోటోలు తీసి పెడతారు. పెడల్ తప్పుచోట ఉన్న మొదటి బొమ్మ పారేస్తే రెండోదాంట్లో ఎంత చదువు ఉందో ఎవరికీ కనపడదు.

ఇంట్లో పెద్దవాళ్లు చేసి పంపితే ఇదంతా పోతుంది. పిల్లలకి ఏం తెలియదో నాకు తెలియకుండా పోతుంది, అదొక నష్టం. ఇంకో నష్టం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఒక పాప మా తరగతికి వచ్చిన కొత్తలో పెన్సిల్ పట్టుకునేది కాదు. బొమ్మ వెయ్యమంటే "మా అమ్మ బాగా వేస్తుంది" అనేది. అంతకుముందు తన పేరుమీద మెచ్చుకోళ్లు వచ్చిన ప్రతి మోడలూ అమ్మ చేసిందే. తన గీత పనికిరాదని ఆరేళ్లకే తేల్చేసుకుంది. ఆ పాపతో గీత గీయించడానికి నెలలు పట్టింది.

అపోహ: ప్రాజెక్టుల్లో పడితే చదవడం, రాయడం వెనకబడతాయి.

ఈ భయం నాకు అర్థమవుతుంది. ఎక్కడో ఎవరికో ఇలా అయిందట అని ఒకరు అంటారు, అది పదిమందికి పాకుతుంది. కాట్జ్, చార్డ్ మొదటినుంచీ చెప్పింది ఒకటే: ప్రాజెక్ట్ పక్కన క్రమపద్ధతిలో బోధన ఉండాల్సిందే, ఒకటి ఉందని రెండోది మానకూడదు. అక్షరాలు, గుణింతాలు, కూడికలు విడిగా నేర్పుతాం. వాటిని వాడే అవసరం ప్రాజెక్ట్ కల్పిస్తుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పేద పిల్లలు ఎక్కువగా చదివే బడుల్లో, రెండో తరగతి మీద నెల్ డ్యూక్ బృందం చేసిన అధ్యయనం 2021లో అచ్చయింది. ప్రాజెక్ట్ పద్ధతిలో చదివిన పిల్లలు సాంఘిక శాస్త్రంలో, సమాచార పాఠాలు చదివి అర్థం చేసుకోవడంలో ముందున్నారు. రాయడంలో, ఆసక్తిలో మాత్రం మొత్తమ్మీద తేడా కనపడలేదు. కాబట్టి ప్రాజెక్ట్ చేస్తే అన్నీ వాటంతటవే వచ్చేస్తాయని చెప్పేవాళ్ల మాటా నమ్మకండి.

అపోహ: టీచర్ ఏమీ చెప్పకూడదు, అంతా పిల్లలే కనుక్కోవాలి.

కొత్త టీచర్లు ఎక్కువగా పడే గుంట ఇది. ఏ విషయంలోనైనా ఇంకా ఓనమాల దగ్గరున్నవాళ్లని తగిన మార్గదర్శనం లేకుండా వదిలేస్తే నేర్చుకోలేరని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో గట్టిగా వాదించారు. ప్రాజెక్ట్ పద్ధతిని సమర్థించేవాళ్లు దానికి ఇచ్చిన జవాబు, మంచి ప్రాజెక్టులో టీచర్ ఆసరా చాలా ఉంటుందని. నేను చూసిందీ అదే. సైకిల్ తెచ్చింది నేను, ఆ ప్రశ్న ఎంచుకుంది నేను. ఫ్రీవీల్, అంటే ఒకవైపు తిప్పితేనే చక్రాన్ని పట్టుకుని తిప్పే వెనక పళ్లచక్రం, దాని సంగతి వాళ్లంతట వాళ్లకి తట్టదు కాబట్టి వెనక్కి తిప్పితే చక్రం ఎందుకు తిరగదో నేనే విప్పి చూపించి చెప్పాను.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

మూడేళ్ల పిల్లలకి ప్రాజెక్టేంటి అంటారు. వాళ్లు రాయలేరు, కానీ చూడగలరు, అడగగలరు, వాళ్ల మాటలు మనం రాయగలం.

ఇదంతా కొత్త ఫ్యాషన్ అంటారు. అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ చికాగోలో ప్రయోగ పాఠశాల పెట్టింది 1896లో, అక్కడి ఇంకో విద్యావేత్త కిల్‌పాట్రిక్ ప్రాజెక్ట్ పద్ధతి మీద వ్యాసం రాసింది 1918లో. వందేళ్లు దాటింది.

ఏ టాపిక్ అయినా ఒకటే అనుకుంటారు. ఐదేళ్ల పిల్లలకి గ్రహాలకన్నా నీళ్ల కుళాయి మంచి ప్రాజెక్ట్. కుళాయిని ముట్టుకోవచ్చు, తిప్పవచ్చు, పైపు వెంట నడుచుకుంటూ ట్యాంకు దాకా వెళ్లవచ్చు.

గ్రూపులో ఒకరే చేస్తారు, మిగతావాళ్లు కూర్చుంటారు అంటారు. తలా ఒక ప్రశ్న ఇవ్వకపోతే అలాగే అవుతుంది.

ఇక మీ ఇంటికి రేపు మళ్లీ మోడల్ తెమ్మని కబురొస్తే ఏం చెయ్యాలి? మీరు చెయ్యకండి. ఇంట్లో దొరికే అట్టముక్కలు, జిగురు, కత్తెర పిల్లల ముందు పెట్టి పక్కన కూర్చోండి. గట్టి అట్ట కొయ్యడం లాంటివి మీరు చేసిపెట్టొచ్చు. ఎలా కొయ్యాలో మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి. వాళ్లు అడిగేవాటికి తెలిస్తే జవాబు చెప్పండి, తెలియకపోతే ఇద్దరూ కలిసి చూడండి. వంకరగా వస్తే వంకరగానే పంపండి. వెనక ఒక చిన్న కాగితం అంటించి, "ఇది పాపే చేసింది. అట్ట కొయ్యడంలో మాత్రం నేను సాయం చేశాను" అని రాయండి. మార్కులు తగ్గితే టీచర్ దగ్గరికి వెళ్లి, మీ పాపని ఆ మోడల్ గురించి రెండు ప్రశ్నలు అడిగి చూడమనండి.