బోరులోకి దిగిన సమ్మెట దెబ్బ

బిడ్డలారా,

2024 డిసెంబర్ 4న పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మన హన్మకొండ ఇంట్లో గిన్నెలు కదిలినయి, మీరు ఫోన్ చేసి "తాతా, ఆ అదురు అంత దూరం ఎట్లా వచ్చింది" అని అడిగారు. రాయిలోంచి వచ్చింది. రాయిలో అదురు ఎంత వేగంగా పోతుందో కొలవడమే నేను ఏళ్ల తరబడి చేసిన పని, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

చప్పుడు గాలిలో సెకనుకు 340 మీటర్లు పోతుంది, నీళ్లలో దాదాపు 1500, మన పద్మాక్షి గుట్ట లాంటి గట్టి గ్రానైట్‌లో 5000 కూడా దాటుతుంది. రామగుండం, భూపాలపల్లి వైపు బొగ్గు పొరల్లో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. నేల మీద నుంచి అదురు పంపి, అది పొరకు తగిలి తిరిగొచ్చిన టైం రాసుకుంటాం, కానీ టైం ఒక్కటే ఉంటే లోతు తెలియదు. బస్సు రెండు గంటలు నడిచిందంటే ఎంత దూరం పోయిందో చెప్పగలరా? వేగం కావాలి, అది బోరులో కొలవాలి.

బోరు పక్కన మందపాటి చెక్క దుంగ వేసి, కదలకుండా దాని మీదికి జీపు టైరు ఎక్కించి, సమ్మెటతో కొడతాం. బోరులో తాడుకు కట్టి దించిన జియోఫోన్, అంటే అదురును పట్టే పరికరం, ఉంటుంది, లోపల అయస్కాంతం, స్ప్రింగు, తీగచుట్ట, అదరగానే చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని బోరు గోడకు గట్టిగా అదిమి పెట్టాలి, ఊరికే వేలాడితే లాభం లేదు. ఇప్పుడు లెక్క చూడండి, మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. 10 మీటర్ల లోతుకు దెబ్బ 20 మిల్లీసెకన్లలో చేరింది, 20 మీటర్లకు 22లో చేరింది అనుకోండి. పై 10 మీటర్లలో వేగం 500, అంటే మొరం. కింది 10 మీటర్లకు పట్టింది 2 మిల్లీసెకన్లే, అంటే 5000, గట్టి బండ! మొత్తం 20 మీటర్లను 22 మిల్లీసెకన్లతో భాగిస్తే సెకనుకు 900 చిల్లర మీటర్లు వస్తుంది, అది మొరానికీ కాదు బండకూ కాదు. అందుకే మెట్టు మెట్టుగా దిగుతూ కొలుస్తాం.

దుంగను ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర పక్కనుంచి కొడితే అడ్డంగా ఊగే అల పుడుతుంది, కాగితం మీద ఆ రెండు దెబ్బల గీతలూ అద్దంలో బొమ్మల్లా తిరగబడతాయి, ఆ అల ఎప్పుడు చేరిందో అక్కడే పట్టుకోవచ్చు. ఈ అల నీళ్లలోంచి పోదు, కాబట్టి తడి మట్టి గట్టిదో మెత్తదో దీన్ని అడిగితేనే నిజం తెలుస్తుంది. నాకు చాలా ఇష్టమైన కొలత ఇది.

ఒకసారి మాత్రం మొరంలో కూడా 5000 వచ్చింది. రెండు రోజులు టెన్షన్, మెషీన్ పాడైందేమో అనుకున్నాను. తీరా చూస్తే ఇనుప కేసింగ్ పైపుకూ మట్టికీ మధ్య సందు వదిలేశారు, అదురు మట్టిలో పోకుండా పైపు పట్టుకుని కిందికి ఉరికింది. సందులో సిమెంటు పాలు పోయించి, గట్టిపడ్డాక మళ్లీ కొలిస్తే మొరం మొరంలాగే కనిపించింది.

దసరాకు వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ చూపిస్తాను, ఆ తప్పు అంకెలు కొట్టేయకుండా అట్లాగే ఉంచాను.

మీ తాత