మూత తీసే ముందు: కన్‌ఫైన్డ్ స్పేస్ పనిలో అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు మధ్య ఫ్యాక్టరీల్లో సేఫ్టీ క్లాసులు చెప్పుకుంటూ తిరగడం నా పని. ముత్తుకూరు వైపు నూనె రిఫైనరీలు, థర్మల్ ప్లాంట్లు, సముద్రం పొడుగునా రొయ్యల హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఊళ్ల పక్కన రైసు మిల్లులు. ఎక్కడికి పోయినా ఒక మూత, దాని కింద ఒక ట్యాంకో గుంతో ఉంటుంది. ఏడాదికి ఒకసారైనా దాంట్లోకి దిగి కడగాల్సి వస్తుంది.

ముందు ఏది కన్‌ఫైన్డ్ స్పేస్ కిందికి వస్తుందో చెప్తాను. మనిషి దూరే సైజు ఉండాలి. లోపలికి పోవడం, బయటికి రావడం కష్టంగా ఉండాలి. ఎప్పుడూ మనుషులు మసలడానికి కట్టింది కాకూడదు. ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ట్యాంకు, బాయిలర్ డ్రమ్ము, వడ్ల సైలో, నూనె ట్యాంకర్, ఓడలో బొగ్గు నింపే హోల్డు, పూడిక తీసే బావి, ఇంటి ముందు సంపు కూడా ఇందులోకే వస్తాయి. చుట్టూ గోడలుండి పైన తెరిచి ఉన్న లోతైన గుంతను "ఇది ఓపెనే కదా సార్" అంటారు. పైన ఆకాశం కనిపిస్తున్నా అడుగున గాలి ఆడకపోవచ్చు.

అపోహ: "వాసన రావట్లేదు, గ్యాస్ లేదు"

అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఇదే. రొయ్యల ప్లాంటు ఈటీపీ సంగతే తీసుకోండి. తలకాయలు, పొట్టు కడిగిన నీళ్లు కలెక్షన్ ట్యాంకులో నిలవుంటే అడుగున బురద కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన అంటామే, అదే. గాలిలో 1 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) లేకపోయినా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. అక్కడే మోసం. 100 పీపీఎం దాటేసరికి ఆ గ్యాసే ముక్కును చంపేస్తుంది. వాసన ఆగిపోతుంది గానీ గ్యాస్ ఆగదు. 500, 700 దాకా పోతే నిమిషాల్లో మనిషి కూలిపోతాడు. వెయ్యి దగ్గర ఒకటి రెండు ఊపిర్లే.

అందుకే లోపల ఉన్నవాడు "ఇందాక కంపు కొట్టింది, ఇప్పుడు పర్లేదన్నా" అన్నాడంటే, పైనున్నవాడు సంతోషపడకూడదు. ఆ క్షణమే బయటికి పిలవాలి.

ఇక మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్‌లకు అసలు వాసనే లేదు. రిఫైనరీల్లో నూనె ట్యాంకుల్లో నైట్రోజన్ నింపి పెడతారు. మనం పీల్చే గాలిలో ముప్పాతిక పైగా అదే గదా అని తేలిగ్గా తీసుకుంటారు. ఆక్సిజన్ 6 శాతం కిందికి పడిన చోట తల పెడితే, రెండు మూడు ఊపిర్లలో స్పృహ పోతుంది. దగ్గు రాదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. మనకు ఉక్కిరిబిక్కిరి అయ్యేది బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడే గానీ ఆక్సిజన్ తగ్గినప్పుడు కాదు.

అపోహ: "లాంతరు దించి చూశాం, ఆరలేదు"

మెట్ట ఊళ్లలో బావి పూడిక తీసే పెద్దవాళ్లు ఇప్పటికీ ఇదే చేస్తారు. దీంట్లో కొంత నిజం లేకపోలేదు. ఆక్సిజన్ 16 శాతం దగ్గరికి పడితే దీపం ఆరిపోతుంది. మామూలు గాలిలో 20.9 శాతం ఉంటుంది, 19.5కి తక్కువైతే దిగకూడదు. అంటే దీపం వెలుగుతూ ఉండగానే మనిషికి ప్రమాదం మొదలైపోతుంది. మనిషిని చంపేంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా, కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా దీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే మీరు దించింది దీపం కాదు, నిప్పు.

వేపకొమ్మలు కట్టి బావిలో ఊపడం, బిందెలతో నీళ్లు కుమ్మరించడం కూడా అంతే. కాస్త గాలి కదులుతుంది. ఎంత కదిలిందో ఎవరూ చెప్పలేరు. అన్నిటికన్నా ఘోరం, నీళ్లు తోడటానికి ఆయిల్ ఇంజన్ని బావి లోపలి గట్టు మీద పెట్టి నడపడం. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలంత బరువే. పైకీ పోదు, కిందికీ దిగదు, బావంతా పరుచుకుంటుంది.

అపోహ: "నిన్న దిగాం, ఏం కాలేదు"

నిన్న బురద కదల్లేదు, అంతే. గ్యాస్ బురదలో బుడగలుగా ఇరుక్కుని ఉంటుంది. పార వేసి కదిపినప్పుడు, కాలు దిగబడినప్పుడు ఒక్కసారిగా బయటికొస్తుంది. పొద్దున గ్యాస్ కొలిచే మీటర్ సున్నా చూపించిన ట్యాంకులోనే పదిన్నరకి అలారం మోగుతుంది. అందుకే దిగే ముందు ఒకసారి చూస్తే సరిపోదు, మీటర్ దిగినవాడి ఛాతీ మీద ఉండాలి, పని అయ్యేదాకా ఆన్‌లోనే ఉండాలి.

అపోహ: "మీటర్ ఉంది గదా సార్, ఇంకేంది?"

మీటర్ ఉండటం వేరు, చూడటం రావడం వేరు. నాలుగు గ్యాసుల డిటెక్టర్‌ను నేను క్లాసులో చేతికిచ్చి తిప్పిస్తాను. తెర మీద నాలుగు గళ్లు: ఆక్సిజన్, మండే గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. ముందు చూడాల్సింది ఆక్సిజన్ గడి. ఎందుకంటే మండే గ్యాస్ పసిగట్టే మామూలు సెన్సార్ లోపల ఆ గ్యాస్‌ను కొద్దిగా మండించి లెక్క చెప్తుంది. ఆక్సిజన్ లేకపోతే మండదు, మండకపోతే సున్నా చూపిస్తుంది. నిండా మీథేన్ ఉన్న ట్యాంకు మీద సున్నా చూసి సంబరపడిన వాళ్లున్నారు. రెండోది మండే గ్యాస్, అది ఎల్ఈఎల్‌లో (గ్యాస్ అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదులో) 10 శాతం దాటితే లోపలికి పోకూడదు. విష గ్యాసులు ఆ తర్వాత. హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దగ్గర అలారం పెడతారు.

ఇంకో తప్పు, మూత దగ్గర పెట్టి చూసి సరే అనేయడం. మీథేన్ గాలికన్నా తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, అడుగుకు చేరుతుంది. గొట్టం దించి పైన, నడుమ, అడుగున మూడు చోట్లా చూడాలి. గొట్టంలోంచి గాలి మీటర్ దాకా రావడానికి టైము పడుతుంది. ఆ కాసేపు కూడా ఆగకుండా చూసి చెప్పేస్తే, మీరు చదివింది గొట్టంలోని పాత గాలి.

మీటర్‌ను ఆన్ చేసేది కూడా మంచి గాలిలోనే. జనరేటర్ పొగ పక్కన ఆన్ చేసి సున్నా కొట్టిస్తే అది ఆ పొగనే మంచి గాలి అనుకుంటుంది. రోజూ వాడే ముందు టెస్ట్ గ్యాస్ కొద్దిగా కొట్టి అలారం మోగుతుందో లేదో చూసే ప్లాంట్లు నాకు చాలా తక్కువ కనిపించాయి. చాలా చోట్ల ఆ టెస్ట్ సిలిండర్ సీలు కూడా విప్పి ఉండదు.

అపోహ: "మాస్కు వేసుకున్నాడు"

గుడ్డ మాస్కు, ఎన్95 దుమ్మును ఆపుతాయి, గ్యాస్‌ను ఆపవు. క్యాట్రిడ్జ్ (గ్యాస్‌ను వడగట్టే డబ్బా) ఉన్న మాస్కు కొన్ని గ్యాసుల్ని ఆపుతుంది గానీ లేని ఆక్సిజన్‌ను తయారు చెయ్యదు. ఐసు ప్లాంటులో అమ్మోనియాకి కొన్న క్యాట్రిడ్జ్ ఈటీపీకి పనికొస్తుందని కూడా అనుకోవద్దు. గాలి బాగాలేని చోటికి తప్పనిసరై దిగాలంటే వీపుకు సిలిండర్ కట్టుకునే బ్రీతింగ్ సెట్టో, బయటి నుంచి గాలి పంపే గొట్టమో ఉండాలి.

అపోహ: "వెల్డింగ్ ఆక్సిజన్ కాస్త వదిలితే గాలి బాగవుతుంది"

వద్దు. 23.5 శాతం దాటితే ఒంటి మీది చొక్కా కూడా ఒక్క రవ్వకు భగ్గున అంటుకుంటుంది. పంపాల్సింది మామూలు గాలి, బ్లోయరుతో, గొట్టం చివర అడుగుదాకా దించి.

అపోహ: "కొత్త సంపులో గ్యాస్ ఏముంటది?"

ఇది కాంట్రాక్టర్ల మాట. స్లాబు పోసి, మూత పెట్టి, నెల తర్వాత సెంట్రింగ్ చెక్కలు విప్పడానికి హెల్పర్‌ను దింపుతారు. నీళ్లు నిలిచిన చీకటి గుంతలో తడి చెక్క కుళ్లుతూ ఆక్సిజన్‌ను తినేస్తుంది. పాత ఇనప ట్యాంకుల్లో తుప్పు కూడా ఇదే పని చేస్తుంది. చూడ్డానికి శుభ్రంగా, ఖాళీగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాటర్‌ప్రూఫింగ్ అంటూ లోపల పెయింటు కొడుతుంటే థిన్నర్ ఆవిరి అడుగున పేరుకుంటుంది. అప్పుడు బల్బు వేలాడదీయడానికి 230 వోల్టుల వైరు దించుతారు. ఇలాంటి చోట చేతి లైటు 24 వోల్టులు దాటకూడదని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36ఏ సెక్షన్‌లోనే రాశారు.

గ్యాస్ ఒక్కటే శత్రువు కాదని కూడా ఇక్కడే చెప్పాలి. రైసు మిల్లు సైలోలో వడ్లు గడ్డకట్టాయని పైకెక్కి పొడిచేవాడు, కింద కన్వేయరు తిరిగిందంటే నడుముదాకా దిగబడిపోతాడు. ఆ తర్వాత చేతులతో లాగడం ఎవరి వల్లా కాదు. మోటారు స్విచ్ ఆపితే చాలదు. తాళం వేసి, ఆ తాళంచెవి లోపలికి పోయేవాడి జేబులో ఉండాలి.

అపోహ: "పైన నలుగురం ఉన్నాం, పడితే లాగేస్తాం"

నా క్లాసులో ఎక్కువ టైము దీనికే పోతుంది. కొందరు మేనేజర్లు విసుక్కుంటారు కూడా.

మీటర్‌తో చూసుకున్న ఒక పొడి గుంతలో 70 కిలోల ఇసుక బస్తా పెడతాను. మధ్యలో తాడు కట్టి, నలుగురు కుర్రోళ్లని రెండడుగుల మూతలోంచి పైకి లాగమంటాను. ఓస్ ఇంతేనా అని మొదలుపెడతారు. మూత చుట్టూ నలుగురికి నిలబడే చోటుండదు. తాడు అంచుకు ఒరుసుకుంటుంది. బస్తా అడ్డం తిరిగి మూత కింద ఇరుక్కుంటుంది. అప్పుడు ఒకడు వంగి, తల లోపల పెట్టి పట్టుకోబోతాడు. "అబ్బయ్యా, నువ్వు కూడా పోయినట్టే, పక్కకొచ్చి కూర్చో" అంటాను. మొదట నవ్వుతారు. రెండోవాడు కూడా అలాగే వంగినప్పుడు నవ్వు ఆగుతుంది.

తర్వాత అదే బస్తాకు ఫుల్ బాడీ హార్నెస్ (భుజాలు, ఛాతీ, తొడలు చుట్టే పట్టీలు) తొడిగి, భుజాల దగ్గరి కొక్కేనికి వైరు తగిలించి, ట్రైపాడ్ వించ్ (మూడు కాళ్ల స్టాండుకి బిగించిన, వైరు చుట్టే యంత్రం) హ్యాండిల్ తిప్పమంటాను. ఒక్కడే, ఒంటిచేత్తో, నిలువుగా పైకి తెస్తాడు. నడుం బెల్టుకి కడితే మనిషి మడతపడి మూతకు అడ్డంపడతాడని వాళ్లకు వాళ్లే చెప్తారు.

అమెరికాలో పని ప్రమాదాల మీద పరిశోధించే ఎన్‌ఐఓఎస్‌హెచ్ సంస్థ 1986లోనే హెచ్చరించింది: ఇలాంటి చోట్ల పోయినవాళ్లలో 60 శాతానికి పైగా, కాపాడదామని వెనక దిగినవాళ్లేనని. మన పేపర్లలో వచ్చే వార్తలు చూడండి. ముందు ఒకడు, వాణ్ణి చూసి తమ్ముడు, ఆ ఇద్దర్నీ చూసి మేస్త్రీ. ముగ్గురికీ ధైర్యానికి కొదవలేదు.

కాబట్టి అందరికన్నా బాగా ట్రైనింగ్ కావాల్సింది బయట నిలబడేవాడికి. మన దగ్గర జరిగేది దీనికి రివర్సు. పని తెలిసినవాణ్ణి లోపలికి దింపి, ఖాళీగా ఉన్న కొత్త పిల్లోణ్ణి మూత దగ్గర కూర్చోబెడతారు. వాడు ఫోను చూసుకుంటుంటాడు, టీ తెమ్మంటే పోతాడు. అక్కడ నిలబడేవాడు మూత వదిలి కదలకూడదు. లోపల ఎంతమంది ఉన్నారో, ఎవరెవరో తెలియాలి. మాటిమాటికీ పలకరిస్తూ ఉండాలి, జవాబు తేడాగా వచ్చినా, ఆలస్యమైనా బయటికి రమ్మనాలి. బ్లోయరు ఆగితే బయటికి రమ్మనాలి. మేనేజరు "ఇంకో పది నిమిషాలు" అన్నా బయటికి రమ్మనే అధికారం వాడికుండాలి. ఏం జరిగినా వాడు మాత్రం దిగకూడదు. ఈ చివరిది చెప్పడం తేలిక. లోపల పడింది సొంత బామ్మర్ది అయితే ఆగడం ఎంత కష్టమో ఒప్పుకోవాలి. అందుకే అన్నదమ్ముల్ని, ఒకే ఇంటివాళ్లని ఒకే గుంత దగ్గర పెట్టొద్దని నేను పట్టుబడతాను.

ఆక్సిజన్ అందకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. తీరంలో ఉన్న ప్లాంటుకి నెల్లూరు నుంచి ఫైరింజను ఆ లోపల రాదు. ట్రైపాడ్, వించ్, హార్నెస్ స్టోర్‌రూములో కాదు, మనిషి దిగకముందే మూత మీద నిలబెట్టి ఉండాలి. ఫోను మాత్రం చెయ్యాల్సిందే. 101కో 112కో చేసినప్పుడు "యాక్సిడెంట్ అయింది" అని వదిలేయకుండా "ట్యాంకులో మనిషి పడిపోయాడు, గ్యాస్ అనుమానం" అని చెప్పండి. వాళ్లు బ్రీతింగ్ సెట్లతో వస్తారు.

అపోహ: "పర్మిట్ అంటే సంతకాల కాగితమే గదా"

పర్మిట్ అంటే లోపలికి దిగే ముందు రాసిచ్చే అనుమతి. ఆఫీసులో కూర్చుని నింపితే కాగితమే. ఆ పాత ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ అడిగింది వేరు: అర్హత ఉన్న మనిషి తానే పరీక్ష చేసి, లోపల ప్రమాదకరమైన గ్యాస్ లేదని రాసివ్వాలి. లేదంటే దిగేవాడికి బ్రీతింగ్ సెట్టు, బెల్టుకు తాడు ఉండాలి, ఆ తాడు రెండో చివర బయట ఇంకో మనిషి చేతిలో ఉండాలి. మధ్యాహ్నం షిఫ్టు మారితే పొద్దుటి పర్మిట్ చెల్లదు, మళ్లీ కొలవాలి.

ట్రైనింగ్ సర్టిఫికెట్ గురించి కూడా ఇదే మాట. పవర్ పాయింట్ చూపించి, హాజరు సంతకం పెట్టించి, ఫోటో దిగి పంపేస్తే ఆడిట్‌కి పనికొస్తుంది. హార్నెస్ ఒకసారైనా తొడుక్కోని వాణ్ణి నేను ట్రైనింగ్ అయినవాడి కింద లెక్కెయ్యను.

అపోహ: "సెప్టిక్ ట్యాంకుకి మనిషి దిగడం మామూలే"

ఇళ్లవాళ్ల కోసం ఇది. తగిన రక్షణ సామాను, జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 మాన్యువల్ స్కావెంజింగ్ (చేతులతో మలం, మురుగు ఎత్తించడం) నిషేధ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పిలిపించుకున్న ఇంటి యజమానికి కూడా ఇది వర్తిస్తుంది. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది.

ట్యాంకర్ వాడు "అడుగున గట్టిపడింది, ఒక మనిషి దిగి పారతో తియ్యాలి, ఇంకో వెయ్యి ఇవ్వండి" అంటే ఒప్పుకోకండి. పై నుంచి నీళ్లు జోరుగా కొట్టించి, బురద పలచబడేదాకా నానబెట్టి, మళ్లీ గొట్టంతోనే లాగమనండి. ఇంకో ట్రిప్పు డబ్బులు ఎక్కువైతే అవుతాయి. ఆ టైములో మూత దగ్గర బీడీ ముట్టించనివ్వకండి, పిల్లల్ని అటు రానివ్వకండి.